కనబడని గాయము

కాలు పోగొట్టుకొని వచ్చిన సైనికుని సాక్ష్యమడుగు వారుండరు. నిద్రపట్టక, ఇంటివారితో మాటలాడక మూలగదిలో కూర్చుండు సైనికుని సంగతి అట్లు కాదు. అమెరికాలో అట్టివారు వైకల్య భృతి కోరినప్పుడు మాజీ సైనికుల శాఖ మూడు సంగతులు విచారించును: నేడు వ్యాధి యున్నదా, కొలువులో ఏమి జరిగినది, ఆ రెంటికిని సంబంధమేమి?

చిక్కంతయు మూడవదానియందే యున్నదని మేమెంచుచున్నాము. కొలువులో ఒకనికి మోకాలు దెబ్బతిన్నదనుకొందము. ఏండ్ల తరబడి నొప్పి; ఉన్న పనియు పోయినది; పిదప డిప్రెషన్ అను మనోదైన్యము పట్టుకొన్నది. అది మోకాలి మూలముననే వచ్చినదని తేలినచో, చట్టము దానిని గూడ కొలువువలన కలిగినదిగనే లెక్కించును. వైద్యుడు రూఢిగా చెప్పనక్కరలేదు; ఔననుటకును కాదనుటకును సమానముగా ఆస్కారమున్నదని కారణములతో వ్రాసినను చాలును. తూకము సరిపోయినచోట మొగ్గు సైనికునివైపే.

నిరాకరణపు ఉత్తరము వచ్చినను ఒక సంవత్సరము గడువు కలదు. ఆలోపల కదలి గెలిచినవారికి సాధారణముగా మొదటి దరఖాస్తు నాటినుండియే భృతి లెక్కకట్టుదురు. 2019 నుండి దారులు మూడు: క్రొత్త సాక్ష్యముతో మరల అడుగుట, పాత కాగితములనే పై అధికారిచే చూపించుట, అప్పీళ్ల బోర్డునకు పోవుట.

క్రొత్త సాక్ష్యమనగా భార్య వ్రాసిన ఉత్తరమైనను కావచ్చును. పరీక్షించు వైద్యుని యెదుట సైనికుడు అలవాటు చొప్పున "బాగుగనే యున్నాను" అనును. పాపము, ఆ మాటయే కాగితమెక్కును! అతడు రాత్రి ఎన్నిమారులు లేచెనో ఆమెకు తెలియును. వ్యాధి పేరు ఆమె చెప్పజాలదు; చూచినది చెప్పగలదు. దానిని త్రోసిపుచ్చినచో బోర్డు కారణము వ్రాయక తప్పదు.