డైలీ రెంట్ ఫ్లాట్: నిండిన రాత్రులు కాదు, ఖాళీ రాత్రులు లెక్కేయండి

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, ఒక ఫ్లాట్ తీసుకుని టూరిస్టులకి రోజు అద్దెకి ఇస్తే నెలకి ఎంత మిగుల్తుంది?" అని. ఈ రోజు నా సొంత లెక్కలే మీ ముందు పెడతా. లాభం వచ్చిన నెలా చెప్తా, నాన్న ముందు తల దించుకున్న నెలా చెప్తా.

మాది వైజాగ్. ఎంవీపీ కాలనీలో ఒక టూ బీహెచ్‌కే ఫ్లాట్‌ని 3 ఏళ్ల లీజుకి తీసుకున్నా. అద్దె నెలకి 25,000. అడ్వాన్స్ 75,000. రెండు ఏసీలు, మంచాలు, పరుపులు, టీవీ, ఫ్రిజ్, ఇన్వర్టర్, వంట సామాను, అన్నీ కలిపి 3,10,000. మొత్తం 3,85,000. ఆ డబ్బు నాది కాదు. మా నాన్నది. ఆయన ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైర్ అయ్యారు. బ్యాంకులో ఎఫ్‌డీ తీసి నా చేతిలో పెట్టారు.

అప్పుడు నేను వేసిన లెక్క చూడండి. రాత్రికి 2,800. నెలకి 25 రాత్రులు. అంటే 70,000. అద్దె పోగా 45,000 లాభం! ఫోన్ క్యాలిక్యులేటర్‌లో చూసి గంతులేశా. మీలో చాలామంది ఇప్పుడు ఇదే లెక్క వేస్తున్నారు కదా? అందుకే చెప్తున్నా, ఆ లెక్క తప్పు.

అసలు లెక్క ఇది. గెస్ట్ వచ్చినా రాకపోయినా కట్టాల్సినవి కొన్ని ఉంటాయి. అద్దె, మెయింటెనెన్స్, వైఫై, కనీస కరెంటు బిల్లు. నాకు అవి నెలకి 29,000.

ఇప్పుడు ఒక రాత్రికి వచ్చే 2,800 సంగతి. బుకింగ్ యాప్ కమిషన్ నాకు దాదాపు 15 శాతం పడింది. అంటే 420 పోయింది. క్లీనింగ్‌కి వచ్చే అక్కకి 500, దుప్పట్లు ఉతికించడానికి 300, అంటే ఒక బుకింగ్‌కి 800. మా దగ్గర సగటున ఒక ఫ్యామిలీ రెండు రాత్రులు ఉంటుంది కాబట్టి రాత్రికి 400. ఏసీ కరెంటు 200. సబ్బులు, వాటర్ బాటిళ్లు, టీ పొడి 100. అన్నీ పోతే చేతికి మిగిలేది 1,680.

29,000ని 1,680తో భాగించండి. 17 దాటింది. అంటే నెలలో 18 రాత్రులు నిండితేనే నేను సున్నా దగ్గరికి వస్తా. నా జీతం, నాన్న డబ్బు తిరిగి రావడం, అన్నీ 18వ రాత్రి తర్వాతే మొదలు.

డిసెంబరు బ్రహ్మాండంగా నడిచింది. అరకు సీజన్ కదా. అరకు వెళ్లేవాళ్లు ముందు రోజో, తర్వాత రోజో వైజాగ్‌లో ఉంటారు. రేటు 3,500 చేశా, 24 రాత్రులు నిండాయి. అన్ని ఖర్చులూ పోగా 25,600 మిగిలింది. నాన్నకి ఫోన్ చేసి గొప్పలు చెప్పా.

తర్వాత జులై వచ్చింది. వానలు. స్కూళ్లు తెరిచేశారు. నెల మొత్తానికి 6 రాత్రులు. నష్టం 18,920.

భయపడిపోయా. ఆగస్టులో అందరూ చేసే పనే చేశా. రేటు 2,800 నుంచి 2,000కి దించేశా. బుకింగులు పెరిగాయి, 11 రాత్రులు నిండాయి. మరి నష్టం ఎంత తగ్గిందో తెలుసా? 18,920 కాస్తా 18,000 అయింది. దాదాపు రెట్టింపు పని చేస్తే కలిసొచ్చింది 920 రూపాయలు!

ఎందుకంటే నేను రేటు తగ్గించా గానీ, క్లీనింగ్ అక్క కూలి తగ్గదు, ఏసీ కరెంటు తగ్గదు. 2,000లో ఖర్చులు పోగా మిగిలింది 1,000. అంటే సున్నాకి రావాలంటే 29 రాత్రులు నిండాలి. వానాకాలంలో ఎక్కడ నిండుతాయి?

ఇంకోటి కూడా జరిగింది. తక్కువ రేటు చూసి నలుగురు అని చెప్పి తొమ్మిది మంది కుర్రాళ్లు దిగారు. అర్ధరాత్రి రెండు దాకా పాటలు. పై ఫ్లోర్ ఆంటీ గారింట్లో చంటిపిల్ల ఉంది. పొద్దున్నే అసోసియేషన్ వాళ్లు పిలిచారు. "బాబూ, ఇంకోసారి ఇలా జరిగితే ఖాళీ చేయాల్సిందే" అన్నారు. తప్పు వాళ్లది కాదు, నాది. పైకి వెళ్లి ఆంటీ గారికి క్షమాపణ చెప్పుకున్నా.

ఆ ఆదివారం నాన్న ఇంటికి వచ్చారు. "ఏరా, లెక్క చూపించు" అన్నారు. డిసెంబరు పేజీ చూపించా. ఆయన పేజీలు తిప్పి జులై దగ్గర ఆగారు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నారు, "బస్సు ఖాళీగా వెళ్లినా డీజిల్ కాలుతుంది రా. పండగ రోజు నిలబడి ప్రయాణం చేసినవాళ్లని చూసి ఆ రూటు లాభమని ఎవరూ అనుకోరు. మామూలు మంగళవారం ఎవరు ఎక్కుతున్నారో చూడు."

ఆ మాటే నా బిజినెస్‌ని మార్చింది. మామూలు మంగళవారం, వాన పడుతున్నప్పుడు వైజాగ్‌కి ఎవరు వస్తారు? ఆలోచిస్తే జవాబు పక్కనే ఉంది. ఆరిలోవ హెల్త్ సిటీ మాకు దగ్గరే. శ్రీకాకుళం, విజయనగరం నుంచి, ఒడిశా నుంచి కూడా వైద్యం కోసం వస్తారు. పేషెంట్‌తో వచ్చినవాళ్లకి వారం, పది రోజులు వంట చేసుకునే చోటు కావాలి.

వారానికి 14,000 అని పెట్టా. అంటే రాత్రికి అదే 2,000! కానీ వారం మొత్తానికి క్లీనింగ్, లాండ్రీ ఒక్కసారే. కమిషన్ 2,100, క్లీనింగ్ లాండ్రీ 800, కరెంటు 1,400, మిగతావి 700. చేతికి 9,000. మూడు వారాలు నిండితే 27,000. అన్‌సీజన్‌లో 18,000 నష్టం 2,000కి వచ్చేసింది. అదే ఫ్లాట్, అదే రేటు. మారింది గెస్ట్ ఒక్కరే.

ఇప్పుడు రూల్స్ సంగతి. ఓనర్ నోటిమాటగా సరే అంటే చాలదు. షార్ట్ స్టేకి ఇచ్చుకోవచ్చని అగ్రిమెంట్‌లో రాయించుకోండి. అసోసియేషన్‌తో ముందే మాట్లాడండి. వచ్చిన ప్రతి పెద్దవాళ్ల ఐడీ తీసుకోండి. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో వాళ్ల వివరాలు నింపాలి. వచ్చిన ఆదాయం ఐటీ రిటర్న్‌లో చూపించాలి.

"అరకులో స్థలం కొని హోమ్‌స్టే కడితే ఎలా ఉంటుంది?" అని కూడా అడిగారు. ఫ్రెండ్స్, అరకు ఏజెన్సీ ప్రాంతం. అక్కడ 1/70 చట్టం ఉంది. గిరిజనులు కానివాళ్లకి అక్కడ భూమి కొనే హక్కు లేదు. "వేరేవాళ్ల పేరు మీద రాయిద్దాం" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఆ భూమి అక్కడి గిరిజనుల కోసం కాపాడుతున్నది. మనం వెళ్లినప్పుడు వాళ్లు నడిపే హోమ్‌స్టేలో దిగుదాం, అంతే.

ఇప్పుడు నా పరిస్థితి. రెండో ఏడాది నడుస్తోంది. అడ్వాన్స్ 75,000 ఓనర్ దగ్గర ఉంది. మిగతా 3,10,000లో నాన్నకి ఇప్పటిదాకా 1,10,000 తిరిగిచ్చా. ఇంకా 2 లక్షలు ఉంది. లీజు అయ్యేలోపు తీర్చాలి. "నెలకి లక్ష" అని చెప్పే థంబ్‌నెయిల్ నేను పెట్టలేను, సారీ.

మీరు మొదలుపెట్టే ముందు ఒక కాగితం తీసుకోండి. మీ ఊరికి అన్‌సీజన్ ఏ నెలలో రాయండి. ఆ నెలలో ఎవరు వస్తారో రాయండి. ఎవరూ గుర్తు రాకపోతే, మీ నాన్న ఎఫ్‌డీ బ్యాంకులోనే ఉండనివ్వండి.

మీ ఊళ్లో మీ లెక్క ఎంత వచ్చిందో కామెంట్‌లో పెట్టండి, కూర్చుని చూద్దాం. వీడియో పనికొచ్చింది అనిపిస్తే ఫ్లాట్ తీసుకుందామని చూస్తున్న మీ ఫ్రెండ్‌కి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.