రూల్ తెలిసి తప్పడం, తెలియక తప్పడం

పోయిన ఎపిసోడ్‌లో రూల్ ఆఫ్ థర్డ్స్ గురించి చెప్పుకున్నాం. ఫ్రేమ్‌లో అడ్డంగా రెండు గీతలు, నిలువుగా రెండు గీతలు ఊహించుకోవడం, సబ్జెక్ట్‌ని ఆ గీతలు కలిసే చోట పెట్టడం. అది చూశాక చాలామంది ఒకటే అడిగారు. "పెద్ద పెద్ద ఫొటోగ్రాఫర్లు ఇవేవీ పాటించరు కదా సార్, మరి మేమెందుకు నేర్చుకోవాలి?" అని. న్యాయమైన ప్రశ్నే. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు ఒక చిన్న సంగతి. ఈ రూల్ కెమెరా కంటే పాతది. 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లండ్ చిత్రకారుడు పల్లె దృశ్యాలు ఎలా గీయాలో చెబుతూ రాసిన పుస్తకంలో ఈ పేరు కనిపిస్తుంది. నేల, నీళ్ళు కలిపి ఒక వంతు ఉంటే ఆకాశం రెండు వంతులు ఉండాలి, ఆ లెక్కలో చెప్పాడాయన. ఫొటోగ్రఫీ అనేది ఒకటి ఉందని లోకానికి తెలిసింది 1839లో. అంటే బొమ్మలు గీసేవాళ్ళు చెప్పుకున్న సలహా ఒకటి తిరిగి తిరిగి ఇవాళ మన ఫోన్‌లో గ్రిడ్ అయ్యి కూర్చుంది. సలహా అన్నాక అది ఎందుకిచ్చారో తెలియాలి కదా.

ఎందుకంటే, సబ్జెక్ట్‌ని మధ్యలో పెడితే చూసేవాళ్ళ కన్ను అక్కడికెళ్ళి ఆగిపోతుంది. పక్కకి పెడితే మిగతా ఫ్రేమ్‌లో కూడా తిరుగుతుంది. అంతే, ఇందులో పెద్ద రహస్యం ఏమీ లేదు. మరి కన్ను ఆగడమే మీకు కావాలనుకోండి? చార్మినార్ ఎదురుగా నిలబడండి. కింద ఆర్చ్, దాని పైన గడియారం, అటూ ఇటూ మీనార్లు. కట్టినవాళ్ళే అంత సమానంగా కట్టారు. దాన్ని తీసుకెళ్ళి ఎడమ గీత మీద పెడితే ఏం సాధించినట్టు? అలాగే తెల్లవారుజామున గాలి లేనప్పుడు చెరువు. పైన కొండ, కింద నీళ్ళలో అదే కొండ. అక్కడ హొరైజన్ సగానికి వస్తేనే బాగుంటుంది.

కాకపోతే ఒక మాట. మధ్యలో అంటే సరిగ్గా మధ్యలోనే ఉండాలి. చార్మినార్ కాస్త కుడికి జరిగిందనుకోండి, అది రూల్ తప్పినట్టు ఉండదు, మీరు చూసుకోనట్టు ఉంటుంది. హొరైజన్ కూడా అంతే. రెండు డిగ్రీలు వాలితే "పాపం, చెయ్యి కదిలింది" అనుకుంటారు. ఇరవై డిగ్రీలు వాలిస్తే "ఏదో చెప్తున్నాడు" అని ఆగి చూస్తారు. తప్పదలచుకుంటే గట్టిగా తప్పండి. నాకు వచ్చే ఫొటోల్లో సగం ఇక్కడే దెబ్బతింటాయి. ధైర్యం చేద్దామా వద్దా అన్నట్టు ఉంటాయి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన రూల్‌కి వస్తాను, లీడ్ రూమ్. మనిషి కుడివైపు చూస్తుంటే కుడివైపు ఖాళీ వదలాలి. పరిగెడుతుంటే ముందు చోటు ఉండాలి. లేకపోతే ఫ్రేమ్ గోడకి ముఖం కొట్టుకున్నట్టు ఉంటుంది. మంచి రూలే. పెళ్ళిళ్ళలో నేను పదికి తొమ్మిదిసార్లు ఇదే పాటిస్తాను.

అయితే ఆన్రీ కార్టియే బ్రెసోఁ 1932లో పారిస్‌లో సెయింట్ లజార్ స్టేషన్ వెనక తీసిన ఫొటో ఒకటుంది, మీలో చాలామంది చూసే ఉంటారు. వాన నీళ్ళ మడుగు మీదుగా ఒకాయన గెంతుతుంటాడు, మడమ ఇంకా నీటికి తగల్లేదు. ఆయన ఫ్రేమ్‌లో కుడి అంచుకి దగ్గరగా ఉండి, కుడివైపుకే గెంతుతున్నాడు. లీడ్ రూమ్ దాదాపు లేదు! ఖాళీ అంతా వెనకే ఉంది. కానీ ఆ వెనక ఏముందో చూడండి. నీళ్ళలో పడి ఉన్న నిచ్చెన, దాని చుట్టూ అలలు. ఆయన ఎక్కడి నుంచి గెంతాడో అదంతా అక్కడే ఉంది. ఎక్కడికి పోతున్నాడో మనకి చూపించలేదు, ఆ కాలు ఎక్కడ పడుతుందో అనే ఆత్రం మనకే వదిలేశాడు.

ఇది నాకు పుస్తకంలో చూసినప్పుడు అర్థం కాలేదండీ. మా ఇంట్లో అర్థమైంది.

మా అమ్మమ్మ పోయిన ఏడాది, సంక్రాంతికి ఊరెళ్ళాను. సాయంత్రం నాలుగున్నర, అరుగు మీద ఏటవాలు ఎండ. తాతయ్య కుర్చీలో కూర్చుని వీధి వైపు చూస్తున్నారు. ఫిఫ్టీ లెన్స్ వేసి ఒక ఫొటో తీశాను. రూల్ ప్రకారం తాతయ్య ఎడమ గీత మీద, ముందు బోలెడంత ఖాళీ, అందులో వాకిలి, తులసి కోట, ఎండ. స్క్రీన్ మీద ఉన్నది అదే. బాగుంది కదా? ఏ క్యాలెండర్‌లో వేసినా సరిపోతుంది.

తర్వాత అక్కడే నిలబడి కెమెరాని ఎడమకి తిప్పాను. తాతయ్య కుడి అంచుకి వెళ్ళిపోయారు. ఆయన చూపు ముందు ఇక చోటు లేదు. వెనక, ఫ్రేమ్‌లో రెండు వంతులు, అమ్మమ్మ నవారు మంచం. పగలంతా దాని మీదే కూర్చుని కూరలు తరిగేది, వచ్చేపోయేవాళ్ళని పలకరించేది. ఇప్పుడు దాని మీద మడిచిన దుప్పటి తప్ప ఏమీ లేదు. మొదటి ఫొటోలో ఒక ముసలాయన ఎండ కాచుకుంటున్నారు. రెండో ఫొటోలో మా ఇంట్లో ఏం జరిగిందో ఉంది. మధ్యలో మారింది ఖాళీ ఏ పక్కన ఉంది అన్నదొక్కటే.

రెండూ ప్రింట్ వేయించి, మురిసిపోతూ పట్టుకెళ్ళాను. తాతయ్య మొదటిది చూసి "ఇది బావుందిరా, వెలుతురు బాగా పడింది" అన్నారు. రెండోది చాలాసేపు చూశారు. చూసి, బల్ల మీద బోర్లా పెట్టేశారు.

"ఇది హాల్లో పెట్టకురా నాన్నా."

"ఏం తాతయ్యా, బాలేదా?"

"బాలేదని కాదు."

అంతకు మించి ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. రూల్ తప్పడం ఫలించిందని నేను సంబరపడ్డ ఫొటో అది, నిజంగానే ఫలించింది. ఆ దెబ్బ ఎవరికి తగులుతుందో మాత్రం నేను ఆలోచించలేదు. ఇప్పుడు తాతయ్య కూడా లేరు. మొన్న అమ్మ ఆ ఫొటో ఉందా అని అడిగింది. ఉంది. ఇంకా ఇవ్వలేదు. మీకు కూడా రెండోది స్క్రీన్ మీద వెయ్యకుండా మాటల్లోనే చెప్పింది అందుకే.

సరే, ఈ వారం పని చెప్తాను. ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో గ్రిడ్ ఆన్ చెయ్యండి. ఇంట్లో ఎవరో ఒకరు కూర్చుని పక్కకి చూస్తున్నప్పుడు, మీరు కదలకుండా రెండు ఫొటోలు తియ్యండి. ఒకటి వాళ్ళ ముందు చోటు వదిలి, ఒకటి వెనక వదిలి. రెండోదాంట్లో వెనక ఏదైనా ఉండాలి సుమండీ. ఉత్త గోడ ఉంటే అది మామూలు తప్పే, నా మీద తోసెయ్యకండి. తీసినవి రెండూ ఆ ఫొటోలో ఉన్నవాళ్ళకే చూపించి, ఏది ఉంచమంటారో అడిగి నాకు రాయండి.

వచ్చే ఎపిసోడ్‌లో మిట్టమధ్యాహ్నం ఎండలో ముఖాలు ఎలా తియ్యాలో చూద్దాం. ఉంటానండీ.