ఏడుపులోనూ ఆగని పాట

భోజనం ముందు కళ్లు మూసుకుంటే ఇక్కడ తోటి పనివాళ్లు నవ్వుతారు. ఊరి వాట్సాప్ గ్రూపులో "మతం మారినోళ్లు" అని ఎత్తిపొడుస్తారు. రెండు వైపులా మాటలు పడుతుంటాం.

అప్పుడు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన గ్లాడిస్ స్టెయిన్స్ అమ్మగారిని తలుచుకుంటాం. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆమె భర్త గ్రాహంను, ఇద్దరు కొడుకులను బండిలోనే సజీవంగా తగలబెట్టారు. అంత్యక్రియల్లో ఆమె, కూతురు ఎస్తేరు కలిసి పాట పాడారు. చంపినవాళ్లను క్షమించానని చెప్పి, బారిపదలో కుష్ఠు రోగుల సేవ కొనసాగించారు.

మనం పడేవి మాటలే. నవ్వినవాడికి కూడా పనిలో చెయ్యందిద్దాం. హద్దు దాటితే ఫిర్యాదు చేద్దాం. విక్టోరియాలో 2010 సమాన అవకాశాల చట్టం మత వివక్షను ఒప్పుకోదు. క్షమించడమంటే నోరు మూసుకోవడం కాదు. మన సంతోషాన్ని మాత్రం ఎవరి నోటికీ అప్పగించొద్దు.