పర్పుల్ లైన్: కోర్టులో ఆగిన రైలు

అమెరికాలో కేంద్ర నిధులతో పెద్ద రైలు మార్గం వేయాలంటే సాధారణంగా పర్యావరణ ప్రభావ నివేదిక ముందు తయారుకావాలి. 1970లో అమల్లోకి వచ్చిన జాతీయ పర్యావరణ విధాన చట్టం పెట్టిన నియమమిది. ఆ చట్టం చెట్టు కొట్టొద్దనదు. కొట్టేముందు ఏం జరుగుతుందో ఆలోచించి, జనానికి చూపమంటుంది, అంతే.

వాషింగ్టన్ శివార్లలో, మేరీలాండ్ రాష్ట్రంలోని బెథెస్డా నుంచి న్యూ కారల్టన్ దాకా సుమారు 26 కిలోమీటర్ల లైట్ రైల్ మార్గం పర్పుల్ లైన్. దీని ముసాయిదా నివేదిక 2008లో వచ్చింది. రైలుకు బదులు బస్సులు నడిపితే ఎలా ఉంటుంది, అసలేమీ కట్టకపోతే ఎలా ఉంటుంది అన్నదీ అందులో తేల్చాలి. 2013లో తుది నివేదిక, 2014 మార్చిలో కేంద్రం ఆమోదం.

అసలు కథ ఆ తర్వాతే. ఈ లైను కొంత దూరం సాగే పాత రైలు దారి వెంట చెట్ల నీడన నడకకు, సైకిళ్లకు అలవాటుపడ్డవాళ్లు కోర్టుకెక్కారు. వాషింగ్టన్ మెట్రోకే ప్రయాణికులు తగ్గుతుంటే ఈ లైను అంచనాలు నిలుస్తాయా అంటూ 2016 ఆగస్టులో జడ్జి ఆమోదాన్ని రద్దు చేసి, కొత్త నివేదిక కావాలన్నారు. చెట్ల గొడవ కాస్తా టికెట్ల లెక్క దగ్గర తేలడం నాకైతే విచిత్రమే! 2017 జులైలో అప్పీలు కోర్టు ఆమోదాన్ని పునరుద్ధరించింది, ఆగస్టులో పనులు మొదలయ్యాయి. మెట్రో ఇబ్బందుల పేరిట కొత్త నివేదిక అక్కర్లేదని అదే కోర్టు డిసెంబరులో తీర్పు చెప్పింది.