మందు అనే మాట



అధ్యక్షుడి కుర్చీ ఇచ్చారు గనక, ఇరవై ఏళ్లుగా విని మీకు విసుగెత్తిన మాటే మళ్లీ చెబుతాను.

ఆరన్ బెక్, ఆయన సహచరులు 1993లో వ్యసనాల చికిత్స మీద తెచ్చిన పుస్తకం మీ అందరి బీరువాల్లోనూ ఉంది. గ్లాసు పట్టుకునే ముందు ఒక ఆలోచన వస్తుంది, అందులో మెలిక ఉంటుంది, ఆ మెలిక విప్పాలి. ఇందులో నాకు పేచీ లేదు. ఆ ఆలోచన ఏ భాషలో వస్తుందన్నదే నా తగవు.

ఇది ఖరగ్‌పూర్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతలు వచ్చారు. మనవలు గోల్‌బజార్లో బెంగాలీలో బేరమాడతారు, హిందీలో డ్యూటీ చేస్తారు, తెలుగులో తాగుతారు. నేనిక్కడ పనిచేసిన రోజుల్లో వర్క్‌షాపు ఫిట్టరొకడు వచ్చాడు. వెనకాల గుమ్మం పట్టుకుని భార్య.

"తాగుతావా?"

"నేదు బాబూ. డ్యూటీ దిగేసరికి ఒళ్లు హూనమైపోతాది. కొంచెం మందేసుకుంతాను."

అబద్ధమాడలేదు. సారాకి మనం పెట్టుకున్న పేరే అది. నేను చీటీ మీద తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ రాసి, "రోజూ పొద్దున్నే మందు వేసుకో" అన్నాను. ఆ ఇల్లాలు నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది. మెలిక పడ్డ ఆలోచన ఆ గదిలో ఎవరిదో నన్నడక్కండి.

తాగుడు మానేసి ఒక్కసారి తప్పినవాడు అంతా పోయిందనుకుని పూర్తిగా జారిపోతాడని మార్లాట్, గోర్డన్ 1985లో రాశారు. వాళ్లు దానికి పెట్టిన పొడుగాటి పేరు మనం పరీక్షల్లో బట్టీపట్టాం. మనవాడు దాన్నే "మునిగినవాడికి చలేమిటి" అంటాడు. ఈ సామెత వ్యాసంలో పెడితే, జానపద విభాగానికి పంపమన్న పెద్దలు ముందు వరసలోనే ఉన్నారు. పంపాను. వాళ్లూ తీసుకోలేదు.

తాగుడు గురించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పది ప్రశ్నల పట్టికని తెలుగు చేస్తూ "ప్రామాణిక పానీయం" అని రాసినాయన నాకు మిత్రుడే. ఇక్కడి నింపురాలో ఎవరినైనా ఆ మాట అడిగి చూడమనండి, కొబ్బరిబోండాం కొట్టిస్తారు.

1992లో నెల్లూరు జిల్లాలో దూబగుంట రోసమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. మరుసటేడు అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతా సారా ఆగింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు మీకు తెలిసినవే. మగడు చెప్పే సాకులు ఆ ఆడవాళ్లకి తెలిసినన్ని బెక్‌కి తెలియవు. వెళ్లి రాసుకోవాల్సింది మనం. నేనూ వెళ్లలేదు, నెల్లూరు దూరమనుకున్నాను.

భోజనాల గది గుమ్మం దగ్గర అట్టపెట్టె పెట్టించాను. మీ దగ్గరికొచ్చినవాళ్లు చెప్పిన సాకు ఒక్కటైనా చీటీ మీద రాసి అందులో వేయండి. పేర్లు వద్దు. వాళ్లు "ఏసుకుంతాను" అంటే అలాగే ఉంచండి, "సేవిస్తాను" అని దిద్దకండి.