పిల్లలకి విరేచనాలు: ఓఆర్ఎస్ ప్యాకెట్ వెనక అసలు లాజిక్ ఏంటి?

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు. బీటెక్ చేసి, నాలుగేళ్ళు కోడ్ రాసి, ఇప్పుడిలా కెమెరా ముందు కూర్చున్నా. మరి ఈ టాపిక్ ఎందుకంటే, పోయిన ఎపిసోడ్ కింద ఎంబీబీఎస్ చదివే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, పీడియాట్రిక్స్ పోస్టింగ్ మొదలైంది, ఐఎమ్ఎన్‌సీఐ చార్ట్ బుర్రకెక్కట్లేదు, నీ స్టైల్లో చెప్పవా?" అని. సరే అని ఆ బుక్‌లెట్ తెరిచి చూశా. ఇది పక్కా ఇఫ్-ఎల్స్ కోడ్ అండి బాబూ!

డబ్ల్యూహెచ్ఓ, యునిసెఫ్ కలిసి చేసిన పద్ధతి ఇది. మన దేశంలో అప్పుడే పుట్టిన పిల్లల్ని కూడా కలిపి వాడుతున్నారు. ల్యాబ్ లేదు, స్కానింగ్ లేదు. ఒక వాచీ, ఒక థర్మామీటర్, బరువు చూసే మెషీన్. వీటితోనే అయిదేళ్ళ లోపు పిల్లల గురించి నిర్ణయం తీసుకోవాలి. చార్ట్‌లో మూడు రంగులు. గులాబీ అంటే వెంటనే పెద్దాసుపత్రికి. పసుపు అంటే అక్కడే మందు. ఆకుపచ్చ అంటే ఇంట్లో చూసుకోవచ్చు.

ఫస్ట్ చెక్ చేసేవి నాలుగే. బిడ్డ పాలు, నీళ్ళు ఏవీ తాగలేకపోతోందా? తాగిందల్లా కక్కేస్తోందా? ఫిట్స్ వచ్చాయా? మగతగా, పిలిస్తే పలక్కుండా ఉందా? రెండు నెలలు దాటిన బిడ్డలో వీటిలో ఒక్కటి ఉన్నా ఇక ఆలోచించేది లేదు, గులాబీనే. అంతకన్నా చిన్న బిడ్డలకి వేరే చార్ట్ ఉంది, దాన్ని దీంతో కలపకు తమ్ముడూ.

ఇప్పుడు విరేచనాలు. మన ఇళ్ళలో మొదటి డైలాగ్ ఏంటి? "పళ్ళొస్తున్నాయిలే, అందుకే." రెండోది, "నీళ్ళు పట్టకు, ఇంకా వెళ్తాయి." ఈ రెండో మాటే ప్రమాదం. విరేచనాలతో పిల్లల ప్రాణం పోయేది ఎక్కువగా ఒంట్లో నీళ్ళు, ఉప్పు తగ్గిపోవడం వల్ల. ఆ నీళ్ళే ఆపేస్తే ఎలా?

ఒంట్లో నీళ్ళు తగ్గాయని ఎలా తెలుస్తుంది? నాలుగు చూడాలి. బిడ్డ తీరు, కళ్ళు, దాహం, చర్మం. చిరాగ్గా ఏడుస్తూ, కళ్ళు లోపలికి పోయి, గ్లాసు చూపిస్తే ఆత్రంగా తాగేస్తుంటే, వీటిలో రెండున్నా పసుపు. అదే మగతగా ఉండి, తాగలేక, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే రెండు సెకన్లు దాటినా ముడత పోకపోతే గులాబీ, సెలైన్ ఎక్కించాల్సిందే. ఇక్కడ ఒక తిరకాసు ఉంది చూడండి. ఇందాక ఏడ్చిన బిడ్డ ఇప్పుడు కిమ్మనట్లేదంటే "హమ్మయ్య, పడుకుంది" అనుకుంటాం. తగ్గి పడుకుందో, ఓపిక పోయి పడిపోయిందో లేపి చూడాలి.

పసుపుకి లెక్క: కిలోకి 75 మిల్లీలీటర్ల ఓఆర్ఎస్, 4 గంటల్లో. 10 కిలోల బిడ్డకి 750. టీ స్పూన్ అంటే 5 మిల్లీలీటర్లు, అంటే 150 స్పూన్లు. 240 నిమిషాలకి భాగిస్తే నిమిషంన్నరకి ఒక స్పూన్. ఇదంతా పట్టేది అమ్మే కదా, అందుకే ఆమెకి ఈ లెక్క చెప్పాలి. "ఓఆర్ఎస్ తాగించండి" అని చీటీ రాసిచ్చేస్తే సరిపోదు. కక్కితే 10 నిమిషాలు ఆగి, మళ్ళీ ఇంకా మెల్లగా. తల్లిపాలు మాత్రం ఆపకూడదు. తర్వాత జింక్ 14 రోజులు, విరేచనాలు ఆగినా సరే. మలంలో రక్తం పడితే మాత్రం ఇంట్లో కూర్చోకండి, డాక్టర్ దగ్గరికే.

అసలు ఉప్పు నీళ్ళలో చక్కెర ఎందుకు? నాకు బాగా నచ్చింది ఇదే. పేగు గోడలో ఒక గేటు ఉంటుంది, సోడియం, గ్లూకోజ్ జంటగా వస్తేనే తెరుచుకుంటుంది. వాటి వెనకే నీళ్ళు కూడా లోపలికొస్తాయి. విరేచనాలప్పుడు కూడా ఈ గేటు పనిచేస్తూనే ఉంటుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం టైంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చి సెలైన్ అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఈ ద్రావణం కలిపి తాగించారు. మరణాలు బాగా తగ్గాయి. 2023లో ఆయనకి పద్మవిభూషణ్ ఇచ్చారు, అప్పటికే ఆయన లేరు.

ఆ జంట కొలత తప్పితే కథ రివర్స్. చక్కెర మరీ ఎక్కువైతే అది పేగులోకే నీళ్ళు లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని మెడికల్ షాపుల్లో అమ్మిన తియ్యటి డ్రింకుల మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడింది అందుకే. 2025 అక్టోబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశాలిచ్చింది. కాబట్టి షాపులో ఏదిస్తే అది తీసుకోకండి, ప్యాకెట్ తిప్పి చూడండి. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉండాలి, లీటర్ ప్యాకెట్ 20.5 గ్రాములు, అందులో గ్లూకోజ్ 13.5. మొత్తం ప్యాకెట్ ఒకేసారి లీటర్ నీళ్ళలో కలపాలి. చిటికెడు చిటికెడు గ్లాసులో కలిపితే కొలత పోతుంది. 24 గంటలు దాటితే పారబోసెయ్యండి.

దగ్గు, ఆయాసం గురించి ఒక్క మాట. బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, పూర్తి నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. 2 నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు 40. ఆ అంకె తగిలినా, దాటినా న్యుమోనియా అనుమానం, అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణించే షార్ట్‌కట్ వద్దు, పిల్లల ఊపిరి ఒకే వేగంతో ఉండదు.

జ్వరం, ఫిట్స్ సంగతి వచ్చే ఎపిసోడ్‌లో. తమ్ముడూ, నీ వైవా ఎప్పుడో కామెంట్‌లో చెప్పు, అంతకుముందే పెట్టేస్తా.