రోజుకి యాభై రూపాయలే కదా! | అవనిగడ్డ డీఎస్సీ అక్క లెక్క

మాది అవనిగడ్డ. డీఎస్సీ కోచింగ్ అంటే చాలామందికి ముందు గుర్తొచ్చే ఊరు. నోటిఫికేషన్ వస్తే చాలు, మా వీధుల్లో గది దొరకడం కష్టం.

నేను బీటెక్ చదివేటప్పుడు మా మేడ మీద ఒక అక్క అద్దెకుండేది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చింది, మ్యాథ్స్ టీచర్ పోస్టుకి ప్రిపేర్ అయ్యేది. ఫీజు, పుస్తకాలు పోగా చేతిలో 18,000 మిగిలింది. పరీక్షకి 110 రోజులు. గది, మెస్ కలిపి రోజుకి 150. అంటే 120 రోజులు వస్తాయి, ఇంకేం భయం అనుకుంది.

కానీ టీ, జిరాక్సులు, రీఛార్జ్, మాక్ టెస్టులు... ఇవి రోజుకి ఇంకో 50. ఇప్పుడు మన టెన్త్ క్లాస్ రేఖీయ సమీకరణం రాద్దాం. x అంటే గడిచిన రోజులు, y అంటే మిగిలిన డబ్బు.

y = 18,000 − 200x

గ్రాఫ్ గీస్తే గీత కిందికి దిగుతూ వస్తుంది. y సున్నా అయ్యేది ఎప్పుడు? x = 90 దగ్గర. పరీక్షకి ఇంకా 20 రోజులుంది!

అసలు పాయింట్ ఇక్కడుంది, జాగ్రత్తగా చూడండి. 30వ రోజు చూసుకుని ఉంటే చేతిలో 12,000, ముందు 80 రోజులు. రోజుకి 150. గది, మెస్‌కి సరిగ్గా సరిపోతుంది. అదే 60వ రోజు చూస్తే 6,000, ముందు 50 రోజులు. రోజుకి 120. ఇక ఎంత పొదుపు చేసినా మెస్ బిల్లుకే చాలదు. అంటే డబ్బు అయిపోయింది 90వ రోజే అయినా, చెయ్యి దాటిపోయింది మాత్రం 30వ రోజే.

అక్క రాత్రి భోజనం మానేసిందని మాకు ఆలస్యంగా తెలిసింది. మా అమ్మ పైకెళ్లి, "అద్దె సంగతి తర్వాత చూద్దాం, ముందు కిందికొచ్చి అన్నం తినమ్మా" అంది. ఆసారి ఉద్యోగం రాలేదు. డబ్బు వల్లే రాలేదని నేను అనను. కానీ చదువుకోవాల్సిన ఆ 20 రోజులూ అప్పు కోసం ఫోన్లు చేస్తూనే గడిపింది.

2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చినప్పుడు మళ్లీ మా వీధి నిండింది. నేను అందరికీ ఒకటే చెప్పాను: మొదటి వారం ఖర్చంతా ఫోన్‌లో రాయండి, ఏడుతో భాగించండి. మీ నిజమైన వాలు అదే. మిగిలిన డబ్బుని దాంతో భాగిస్తే ఎన్ని రోజులు వస్తుందో తెలుస్తుంది. పరీక్ష వాయిదా పడొచ్చు కాబట్టి ఇంకో 15 రోజులు కలిపే చూసుకోండి.

మీ సమీకరణం కామెంట్‌లో పెట్టండి, కలిసి సాల్వ్ చేద్దాం. ఉంటా మరి, బాయ్!